కాదనే వీలు వదిలి అడగండి: వృత్తి పరిచయాల్లో మర్యాద, మొదటి మెసేజ్ నుంచి చివరి థ్యాంక్స్ దాకా

"హాయ్ సార్" అని ఒక మెసేజ్ వస్తుంది. ఏదో పనిలో ఉండి మీరు పట్టించుకోరు. సాయంత్రానికి "ఉన్నారా సార్" అని ఇంకోటి. సరే పాపం అని "చెప్పండి" అంటే, "మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఏమైనా ఉంటే చూడండి సార్" అంటూ ఒక రెజ్యూమె వచ్చి పడుతుంది. ఏ ఉద్యోగం, ఎంత అనుభవం, మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నారు, ఏమీ ఉండదు. పంపినవాళ్ళకు మర్యాద లేదని అనలేం, లైనుకో సార్ పెట్టారు. కానీ తమకు ఏం కావాలో తేల్చే పని కూడా ముక్కూముఖం తెలియని మనిషి నెత్తిన పెట్టేశారు. పైగా ఇప్పుడు కాదంటే మీరు కఠినులు, ఊరుకుంటే పొగరుబోతులు.

నెట్‌వర్కింగ్ మర్యాదల గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా షేక్‌హ్యాండ్, చిరునవ్వు, బట్టల దగ్గరే ఆగిపోతారు. అవి ఎవరికైనా నాలుగు సార్లు బయటికి వెళ్తే వచ్చేస్తాయి. అసలు చిక్కంతా అడగడంలో ఉంది. అవతలి మనిషి మొహమాటపడకుండా, సంజాయిషీలు చెప్పుకోకుండా "ఇప్పుడు కుదరదండీ" అనగలగాలి, మీరు ఆ వీలు వదిలి అడగాలి. అలా అడిగేవాళ్ళకు జవాబివ్వడానికి ఎవరూ జంకరు. కింద చెప్పేవన్నీ దాదాపు దీని చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు మీకు ఎవరెవరు తెలుసో రాసుకోండి

కొత్తవాళ్ళకు రిక్వెస్టులు పంపడం తరువాత. ముందు పాత కొలీగ్స్, మీతో పనిచేసిన క్లయింట్లు, వెండర్లు, క్లాస్‌మేట్స్, మీ దగ్గర పని నేర్చుకుని వెళ్ళిన జూనియర్లు, అందరి పేర్లూ ఒక షీట్‌లో పెట్టండి. పేరు పక్కన రెండే గడులు చాలు: చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, దేని గురించి.

ఇందులో దగ్గరి స్నేహితులకన్నా ఓ మోస్తరుగా తెలిసిన మధ్య వరసవాళ్ళే ఎక్కువ పనికొస్తారు. ఇది ఊరికే అంటున్న మాట కాదు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో ఉద్యోగం మారినవాళ్ళను కలిసి ఆరా తీసి, 1973లో ఒక వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలుస్తూ ఉండేవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్ళు 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవనివాళ్ళు 27.8 శాతం. కారణం వింటే చాలా మామూలుగా అనిపిస్తుంది: మన దగ్గరివాళ్ళకు తెలిసినవన్నీ మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు మన గుంపు బయట తిరిగేవాళ్ళ దగ్గరే ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద ఐదేళ్ళపాటు చేసిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. అక్కడా దాదాపు అదే తేలింది, కాకపోతే ఒక సవరణతో. మరీ అంటీముట్టని పరిచయాలకన్నా, మరీ దగ్గరి బంధాలకన్నా, ఓ మోస్తరుగా తెలిసినవాళ్ళ ద్వారానే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువ.

మర్యాద విషయం ఇంత పట్టించుకోవాల్సింది అందుకే. దగ్గరి స్నేహితుణ్ణి "ఒరేయ్, నా రెజ్యూమె పంపరా" అన్నా చెల్లిపోతుంది. ఓ మోస్తరుగా తెలిసిన మనిషి మీకేం బాకీ లేడు. మీ మాట తీరు తప్ప మీ గురించి అతని చేతిలో ఇంకేం ఆధారం లేదు.

చాలా కాలంగా మాట్లాడనివాళ్ళను ఇప్పుడు పలకరిస్తే "అవసరం పడి గుర్తొచ్చానా" అనుకుంటారేమో అని అందరికీ ఒక బెరుకు ఉంటుంది. ఆ బెరుకు అవసరమైనదానికన్నా ఎక్కువ. మనం ఊహించినదానికన్నా అవతలివాళ్ళు ఆ పలకరింపును ఎక్కువ ఇష్టపడతారని 2022లోనే ఇంకో పరిశోధన చూపించింది. అయితే అవసరాన్ని దాచిపెట్టకండి. "ఎలా ఉన్నారు", "ఇంట్లో అందరూ బాగున్నారా", "ఉద్యోగం ఎలా ఉంది" అని మూడు మెసేజ్‌లు నడిపి నాలుగోదానిలో అసలు విషయం బయటపెడితే, ముందు అడిగిన కుశలమంతా నటన అయిపోతుంది. మొదటి మెసేజ్‌లోనే రెండూ కలిపేయండి: "చాలా రోజులైంది మాట్లాడి, నిజం చెప్పాలంటే ఒక పని పడే రాస్తున్నాను, కానీ మీరు ఎలా ఉన్నారో కూడా తెలుసుకోవాలని ఉంది." దీనికి ఎవరూ నొచ్చుకోరు.

2. ప్రొఫైల్ సర్దుకోండి, కానీ అక్కడే కూర్చోకండి

ముఖం కనిపించే ఫొటో, మీ అసలు పేరు, ఇప్పుడేం చేస్తున్నారో ఒక లైను. అంతే. మీ మెసేజ్ అందుకున్నవాళ్ళు మొదట చేసేది మీ పేరు నొక్కి చూడటం. అక్కడ ఏమీ లేకపోతే మెసేజ్ ఎంత బాగున్నా అనుమానం వస్తుంది. ఇంకో చిన్న విషయం, లింక్డ్‌ఇన్‌లో మీరు ఎవరి ప్రొఫైల్ చూశారో మామూలుగా వాళ్ళకు తెలిసిపోతుంది, ప్రైవేట్ మోడ్ పెట్టుకుంటే తప్ప. చూడటం తప్పేం కాదు. రాయబోయే ముందు చూసినట్టు కనిపించడం మంచిదే.

3. మొదటి మెసేజ్

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చూద్దాం. ఒక ఉదాహరణ:

"నమస్తే అండీ. నేను నాలుగేళ్ళుగా గోడౌన్ ఆపరేషన్స్‌లో ఉన్నాను, ఇప్పుడు డేటా అనలిటిక్స్ వైపు మారాలనుకుంటున్నాను. మీరూ సప్లై చెయిన్ నుంచే అనలిటిక్స్‌కి వచ్చారని మీ ప్రొఫైల్‌లో చూసి రాస్తున్నాను. మొదటి ఉద్యోగం దగ్గర మీకు సర్టిఫికెట్లు పనికొచ్చాయా, సొంతంగా చేసిన ప్రాజెక్టులా? ఒక లైను జవాబు చాలు. తీరిక లేకపోతే పర్లేదు, ఏమీ అనుకోను."

ఇది చదివిన మనిషికి ఇరవై సెకన్లలో అన్నీ తెలిసిపోయాయి. ఎవరు రాశారు, తననే ఎందుకు ఎంచుకున్నారు, ఏం కావాలి. ఉన్నది ఒకటే ప్రశ్న, అదీ లిఫ్ట్‌లో నిలబడి ఫోన్‌లో టైప్ చేయగలిగినది. "నాకు కెరీర్ గైడెన్స్ ఇవ్వండి" అంటే దానికి జవాబు రాయాలంటే ఒక ఆదివారం కావాలి, అందుకే ఎవరూ రాయరు. చివరి వాక్యం కూడా లాంఛనానికి పెట్టింది కాదు. జవాబివ్వకపోయినా చెడ్డ కానని తెలిసిన మనిషి ఆ మెసేజ్‌ని మళ్ళీ తెరవడానికి ఇబ్బంది పడడు. జవాబు ఇవ్వలేకపోయానే అని గిల్టీగా ఉంటే మాత్రం మీ పేరు కనిపించినప్పుడల్లా తప్పించుకు తిరుగుతాడు.

మీరు చేయకూడనివి కూడా చెప్పుకుందాం. ఉత్త "హాయ్" పంపి జవాబు కోసం కాచుకోవద్దు. పరిచయం లేని మనిషికి వాయిస్ నోట్ పంపొద్దు, మీటింగ్‌లో ఉన్నవాళ్ళు చదవగలరు గానీ వినలేరు. నంబరు ఎలాగో సంపాదించి ముందు చెప్పకుండా ఫోన్ చేయడం అన్నిటికన్నా ఘోరం, నంబరు ఎవరిచ్చారన్న అనుమానంతో మొదలైన సంభాషణ ఇంక ఎక్కడికీ పోదు. ఒకే మెసేజ్‌ని పదిమందికి కాపీ చేసి పంపేటప్పుడు వెనకటి మనిషి పేరు అలాగే ఉండిపోవడం నిత్యం జరిగేదే. ఏఐతో రాయించుకుంటే రాయించుకోండి, తప్పులు దిద్దడానికి బాగానే పనికొస్తుంది, కానీ "మీ స్ఫూర్తిదాయకమైన ప్రయాణం నన్ను ఎంతగానో ప్రభావితం చేసింది" లాంటి వాక్యం కనిపిస్తే తీసేయండి. అలాంటివి వాళ్ళకు రోజూ వస్తాయి. పొగడాలని ఉంటే వాళ్ళు చేసిన ఒక పనిని పేరుపెట్టి చెప్పండి, పొగడ్త దానంతట అదే అందుతుంది.

లింక్డ్‌ఇన్ కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు పంపే నోట్‌కి 300 అక్షరాలకు మించి చోటు ఉండదు, ఉచిత ఖాతాలకైతే అంతకన్నా తక్కువ, పైగా నెలకు కొన్ని నోట్‌లే ఇస్తుంది. తెలుగులో రాసేవాళ్ళు ఇంకోటి గమనించాలి. గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి, అందుకని తెలుగు నోట్ అనుకున్నదానికన్నా ముందే నిండిపోతుంది. కాబట్టి నోట్‌లో ఎవరు, ఎందుకు అన్నవి మాత్రం పెట్టి, ప్రశ్నను వాళ్ళు ఒప్పుకున్నాక అడగండి. ఒప్పుకున్న నిమిషానికే మూడు పేరాల అమ్మకం మాట పంపేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

ఎలా పిలవాలన్న సందేహం వస్తే పేరు పక్కన గారు పెట్టండి, మీరు అనండి. వాళ్ళు "పేరు పెట్టి పిలిస్తే చాలు" అంటే అప్పుడు మార్చుకోండి. వాళ్ళు వయసులో చిన్నవాళ్ళని ఫొటో చూసి తేల్చుకుని నువ్వు అనేయడం మాత్రం వద్దు.

4. జవాబు రాకపోతే

ఓ వారం, పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. అదే థ్రెడ్‌లో, చిన్నగా: "కిందికి వెళ్ళిపోయి ఉంటుందేమో అని ఒకసారి పైకి తెస్తున్నాను, తీరిక లేకపోతే వదిలేయండి." అంతే, ఇక రాయొద్దు. రెండోసారీ జవాబు రాలేదంటే అది కూడా జవాబే.

బ్లూ టిక్కులు చూసి "చదివి కూడా రిప్లై ఇవ్వలేదు" అని రాయడం, "బాగా బిజీ మనుషులైపోయారు" అని దెప్పడం, ఒకే కంపెనీలో ఐదుగురికి ఒకే రోజు అదే మెసేజ్ పంపడం (వాళ్ళు పక్కపక్కనే కూర్చుంటారు, ఒకరికొకరు చూపించుకుంటారు), ఇవన్నీ తలుపులు మూసేస్తాయి. కనెక్షన్ రిక్వెస్ట్ వెనక్కి తీసుకుని మళ్ళీ పంపుదామనుకుంటే, లింక్డ్‌ఇన్‌లో అదే మనిషికి మళ్ళీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాలి. ఆగడమే నయం.

5. మధ్యలో ఒకరిని పెట్టి పరిచయం అడిగేటప్పుడు

ఇక్కడ మర్యాద చూపించాల్సింది ఒకరికి కాదు, ఇద్దరికి. మీరు అడుగుతున్నది మధ్యవర్తి పరపతిని. మీరు సరిగ్గా ప్రవర్తించకపోతే మాట పడేది వాళ్ళు.

మంచి పద్ధతి ఇలా ఉంటుంది. మీరు మధ్యవర్తికి రాస్తారు, వాళ్ళు ఆ మూడో మనిషిని "ఫలానా వాళ్ళు మీతో మాట్లాడాలంటున్నారు, కలపనా?" అని విడిగా అడుగుతారు, సరేనంటేనే ఇద్దరినీ ఒక ఈమెయిల్‌లో కలుపుతారు. అంటే ఇద్దరి ఒప్పుదలా ముందే ఉంటుంది. అడగకుండా మూడో మనిషి ఫోన్ నంబరు ఇచ్చేయడం, ఇద్దరినీ ఒక్కసారిగా వాట్సాప్ గ్రూపులో వేసేయడం సాయంలా కనిపిస్తాయి గానీ, ఆ మూడో మనిషికి కాదనే దారి లేకుండా చేస్తాయి.

మధ్యవర్తి పని తేలిక చేయాలంటే, యథాతథంగా ఫార్వర్డ్ చేయగలిగిన ఒక విడి ఈమెయిల్ మీరే రాసి పంపండి. మీ ఇద్దరి ఊసులు, "మొన్న నువ్వన్నట్టు" లాంటివి అందులో ఉండకూడదు. మీరెవరు, ఆ మనిషితోనే ఎందుకు మాట్లాడాలి, ఎంతసేపు కావాలి, ఇవి ఐదారు లైన్లలో. మధ్యవర్తి పైన "మీకు ఆసక్తి ఉంటే చెప్పండి" అని ఒక ముక్క చేర్చి పంపేస్తే పని అయిపోతుంది. దీనితో పాటు మధ్యవర్తికి ఈ వాక్యం విడిగా రాయండి: "వాళ్ళను అడగడం మీకు ఇబ్బంది అనిపిస్తే అస్సలు మొహమాటపడకండి, వాళ్ళతో మీకు ఎంత చనువు ఉందో నాకు తెలియదు కదా." ఇది చాలా ముఖ్యం. లింక్డ్‌ఇన్‌లో ఇద్దరూ కనెక్టయి ఉన్నారంటే ఒకరికొకరు తెలుసని కాదు, ఏదో వర్క్‌షాప్‌లో పక్క కుర్చీలో కూర్చుని ఉండొచ్చు, లేదా ఇప్పుడు పడకపోయి ఉండొచ్చు.

పరిచయం జరిగాక ముందు జవాబివ్వాల్సింది మీరు, అదీ ఆ రోజే. అవసరం మీది, అవతలివాళ్ళు మొదలుపెట్టే దాకా చూడకూడదు. రిప్లైలో మధ్యవర్తికి థ్యాంక్స్ చెప్పి వాళ్ళను బీసీసీకి (తరువాతి జవాబులు వాళ్ళకు చేరని గడికి) మార్చండి, అదే మాట ఈమెయిల్‌లోనూ రాయండి. లేకపోతే "మంగళవారం కుదురుతుందా", "లేదు బుధవారం" అని మీరిద్దరూ టైమ్ కుదుర్చుకునే పన్నెండు ఈమెయిళ్ళూ వాళ్ళ ఇన్‌బాక్స్‌లో పడతాయి. చివరికి మాట్లాడటం అయ్యాక ఎలా జరిగిందో మధ్యవర్తికి ఒక లైను రాయండి. తాను కలిపిన ఇద్దరి మధ్య ఏమైందో ఎప్పటికీ తెలియకపోవడం అనేది ఇలాంటి సాయాలు చేసేవాళ్ళందరూ చెప్పే ఫిర్యాదు.

6. కాల్ కుదిరితే

ఇరవై నిమిషాలు అడగండి. అరగంట అడిగి గంట తీసుకోవడం కన్నా ఇరవై అడిగి పద్దెనిమిదిలో ముగించడం మేలు.

టైమ్ కుదిర్చేటప్పుడు "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అనేది వినయంగా అనిపిస్తుంది గానీ, క్యాలెండర్ తెరిచి వెతికే పని మళ్ళీ వాళ్ళదే అవుతుంది. రెండు మూడు టైములు మీరే చెప్పి, "ఇవి కుదరకపోతే మీరు చెప్పిన టైముకి సర్దుకుంటాను" అనండి. వేరే దేశంలో ఉన్నవాళ్ళయితే టైములు వాళ్ళ గడియారం ప్రకారం రాయండి. మార్చిలోనూ, అక్టోబరు, నవంబరు మధ్యా ఇంకొంచెం జాగ్రత్త. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకు జరుపుతారు, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. వెనక్కి జరిపేది యూరప్‌లో అక్టోబరు చివరి ఆదివారం, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం. మన దేశంలో గడియారాలు మార్చరు కాబట్టి ఆ తేదీల నుంచి మీకు అలవాటైన తేడా గంట అటూ ఇటూ అవుతుంది, కాల్స్ తప్పిపోయేది ఎక్కువగా అప్పుడే.

కాల్‌లో నోట్స్ రాసే ఏఐ బాట్‌ని తెచ్చేముందు అడగండి. రికార్డింగ్ నడుస్తోందని తెలిస్తే ఎవరూ తమ కంపెనీ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పరు, మీకు కావాల్సింది అదే కదా.

ప్రశ్నలు ఇంటర్నెట్‌లో దొరకనివి అయి ఉండాలి. "మీ కంపెనీ ఏం చేస్తుంది" అని అడిగితే అక్కడితో మీ మీద ఆసక్తి పోతుంది. "మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు మొదటి మూడు నెలల్లో ఎక్కడ తడబడతారు?" అనేది బాగుంటుంది, ఎందుకంటే దానికి జవాబు వాళ్ళకు మాత్రమే తెలుసు, చెప్పడానికీ ఉత్సాహంగా ఉంటుంది. జీతం అంకె సూటిగా అడగొద్దు. "ఈ స్థాయికి మార్కెట్‌లో ఏ రేంజ్ నడుస్తోందంటారు?" అంటే తమ జీతం బయటపెట్టకుండానే చెప్పగలరు. సలహాకని పిలిచి కాల్ మధ్యలో ఉద్యోగం అడగొద్దు. అడగాలని ఉంటే కాల్ అడిగినప్పుడే చెప్పండి.

టైమ్ అయిపోవస్తున్నప్పుడు మీరే "ఇరవై నిమిషాలు అయిపోయాయి, ఇక్కడ ఆపేస్తాను" అనండి. వాళ్ళకు మాట్లాడాలని ఉంటే వాళ్ళే కొనసాగిస్తారు.

7. కాన్ఫరెన్సులు, మీటప్‌లు

ఇక్కడ చెప్పడానికి పెద్దగా లేదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తలలు దగ్గరగా పెట్టి మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరొద్దు, ముగ్గురు నలుగురు కాస్త ఎడంగా నిలబడితే వెళ్ళి వినండి, సందు దొరికినప్పుడు పేరు చెప్పండి. మాట్లాడుతూ అవతలి మనిషి భుజం మీదుగా ఇంకా పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చారా అని చూడటం అందరికీ కనిపిస్తుంది. స్పీకర్ స్టేజి దిగగానే చుట్టుముట్టిన గుంపులో మీ స్టార్టప్ కథ మొదలెట్టొద్దు, వెనక పదిమంది ఉన్నారు, ఒక్క ప్రశ్న అడిగి తప్పుకోండి. బయటపడటం కూడా ఒక విద్యే: "మీతో మాట్లాడటం బాగుంది, మీరూ ఇంకొందరిని కలవాలేమో, నేను అటు వెళ్తాను" అంటే సరిపోతుంది, ఫోన్ వచ్చినట్టు నటించక్కర్లేదు. కార్డో, క్యూఆర్ కోడో ఇచ్చిపుచ్చుకున్నాక, రెండు రోజుల్లోపు ఎక్కడ కలిశారో, ఏం మాట్లాడుకున్నారో ఒక లైను రాయండి. అంతకన్నా ఆలస్యమైతే ఆ రోజు కలిసిన ముఖాలన్నీ కలిసిపోతాయి.

8. రిఫరల్ అడిగే ముందు

రిఫరల్ అంటే, తమ కంపెనీలో ఉద్యోగానికి మీ పేరు సిఫారసు చేయడం అంటే, ఒక లింక్ నొక్కడమే కదా అనుకుంటారు. చాలా కంపెనీల రిఫరల్ ఫారంలో "ఈ వ్యక్తి మీకు ఎలా తెలుసు, ఎంత కాలంగా తెలుసు, కలిసి పనిచేశారా" అని గడులు ఉంటాయి. ముక్కూముఖం తెలియని మనిషిని రిఫర్ చేయమంటే, ఆ గడిలో అబద్ధం రాయమనో "తెలియదు" అని రాయమనో అడిగినట్టే. రెండోది రాస్తే ఆ రిఫరల్‌కి విలువ ఉండదు. కాబట్టి కలిసి పనిచేయని మనిషిని అడిగేటప్పుడు "నా పని మీకు తెలియదు కాబట్టి రిఫర్ చేయమని అడగడం భావ్యం కాదు, హైరింగ్ మేనేజర్ ఎవరో చెప్పగలిగినా చాలు" అనడం మర్యాద. ఆ మాట చూసి తమంతట తామే రిఫర్ చేస్తామన్నవాళ్ళూ ఉంటారు.

ముందుగా గుర్తుంచుకోవాల్సింది వరస. చాలా చోట్ల మీరు నేరుగా అప్లై చేసేశాక రిఫరల్‌ని సిస్టమ్ తీసుకోదు. అందుకని ముందు అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి, చివరి తేదీ దగ్గర్లో ఉంటే ఆ తేదీ వాళ్ళకు చెప్పండి. "శుక్రవారం చివరి రోజు, గురువారం దాకా చూసి నేరుగా అప్లై చేసేస్తాను, కాబట్టి కుదరకపోతే మీరు జవాబివ్వకపోయినా పర్లేదు" అని రాస్తే, తేదీ చెప్పినట్టూ ఉంటుంది, ఒత్తిడి పెట్టనట్టూ ఉంటుంది.

పంపాల్సినవి ఒకే మెసేజ్‌లో: ఉద్యోగం ఐడీ, దాని లింకు, మీ పేరుతోనే ఉన్న పీడీఎఫ్ రెజ్యూమె (ఫైలు పేరు "ఫైనల్ న్యూ 3" అని ఉండకూడదు), ఆ ఉద్యోగానికి మీరెందుకు సరిపోతారో మూడు లైన్లు. ఆ మూడు లైన్లు వాళ్ళు ఫారంలో అలాగే అతికించుకునేలా, మీ గురించి ఇంకొకరు చెబుతున్నట్టు రాయండి. "ఏదైనా సరే, నాకు సరిపోయేది మీరే చూడండి" అని మాత్రం రాయొద్దు. వాళ్ళకు రిఫరల్ బోనస్ వస్తుంది కదా అన్న మాట మీ నోటి నుంచి అసలే రాకూడదు.

రిఫర్ చేశాక ప్రతి రెండు రోజులకూ "స్టేటస్ ఏంటి" అని అడగొద్దు. రిఫర్ చేసిన మనిషికి కూడా పోర్టల్‌లో కనిపించేది సాధారణంగా మీకు కనిపించినంతే. హెచ్‌ఆర్‌ను వాళ్ళు పదేపదే అడిగితే వాళ్ళ పేరే పలచబడుతుంది.

9. పని అయ్యాక, కాకపోయాక

ఉద్యోగం వచ్చిన రోజు అందరికన్నా ముందు ఎవరికి చెప్పాలి? రిఫర్ చేసిన మనిషికి, పరిచయం చేసిన మధ్యవర్తికి. వాళ్ళు మీ పోస్ట్ చూసి తెలుసుకోకూడదు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు మాయమైపోయే వాళ్ళను జనం గుర్తుపెట్టుకుంటారు, పైకి ఏమీ అనరు గానీ రెండోసారి సాయం దగ్గర చేతులు వెనక్కి తీసుకుంటారు.

ఉద్యోగం రాకపోయినా చెప్పాలి, ఇది దాదాపు ఎవరూ చేయరు. "మూడో రౌండ్‌లో ఆగిపోయింది, అయినా మీరు చెప్పినట్టు కేస్ స్టడీ మీద దృష్టి పెట్టడం వల్లే అక్కడిదాకా వెళ్ళాను, థ్యాంక్స్" అని రాయండి. వాళ్ళ సలహాలో ఏ ముక్క పనికొచ్చిందో చెప్పడం వంద థ్యాంక్స్‌లకన్నా ఎక్కువ. అన్నిటికన్నా ఇబ్బందికరమైన సందర్భం, ఆఫర్ వచ్చాక మీరు వద్దనుకోవడం. హెచ్‌ఆర్‌కు చెప్పే ముందో, కనీసం అదే గంటలోనో, రిఫర్ చేసిన మనిషికి చెప్పండి, కారణం ఒక వాక్యంలో. తరువాత మీటింగ్‌లో వాళ్ళ మేనేజర్ "మీవాడు రానన్నాడటగా" అంటే తెల్లమొహం వేయాల్సిన పరిస్థితి వాళ్ళకు రాకూడదు.

మధ్యమధ్యలో పలకరించడానికి పండగ ఫార్వర్డులు పంపకండి, అవి చెత్తలో కలిసిపోతాయి. వాళ్ళ పనికి సంబంధించింది ఏదైనా కంటబడితే "ఇది చూసి మీరు గుర్తొచ్చారు, జవాబు అక్కర్లేదు" అని పంపండి. ఏడాదికి రెండు మూడుసార్లు చాలు. ఇక లెక్కకు మించి కనెక్షన్లు పోగేయడం నాకైతే అర్థం కాదు. లింక్డ్‌ఇన్ 30,000 దాకా అనుమతిస్తుంది గానీ, మనిషి నిలకడగా నడపగలిగే సంబంధాలు 150 దగ్గర్లో ఉంటాయని బ్రిటన్ మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990ల నుంచి అంటున్నాడు. ఆ అంకె మీద వాదనలు ఉన్నాయి, కానీ వేలల్లో ఉంటాయని వాదించేవాళ్ళు మాత్రం కనబడరు.

10. మిమ్మల్నే ఎవరైనా అడిగితే

కొన్నాళ్ళకు మీకూ మెసేజ్‌లు మొదలవుతాయి. సాయం చేయగలిగితే చేయండి, దానికి గైడ్ అక్కర్లేదు. కష్టం కాదనడంలోనే. "చూస్తాను", "ప్రయత్నిస్తాను" అనేసి ఊరుకోవడం మనకు బాగా అలవాటైన పద్ధతి. అవతలి మనిషి ఆ ఒక్క మాట పట్టుకుని వేరే దారి వెతక్కుండా వారాల తరబడి కూర్చుంటారు, కాదనడం కన్నా అది ఎక్కువ నష్టం. కుదరదనుకుంటే ఆ రోజే రాయండి, కారణాల జాబితా లేకుండా: "మీతో కలిసి పనిచేయలేదు కాబట్టి రిఫర్ చేయలేను. రెజ్యూమెలో మొదటి పేజీలోనే ప్రాజెక్టుల అంకెలు కనిపించేలా పెడితే మీకు మేలు. ఆల్ ద బెస్ట్." అలా రాశాక వాళ్ళు మళ్ళీ బతిమాలితే రెండోసారి వివరణ ఇవ్వక్కర్లేదు. వాళ్ళు కోపంగా ఏదైనా అంటే థ్రెడ్ మ్యూట్ చేసేయండి. స్క్రీన్‌షాట్ తీసి పేరు కనిపించేలా పోస్ట్ పెట్టి నలుగురినీ నవ్వించాలన్న ఉబలాటం వస్తే ఫోన్ పక్కన పెట్టేయండి, ఉద్యోగం లేక టెన్షన్‌లో ఉన్న మనిషి రాత్రి పన్నెండింటికి రాసిన మెసేజ్ అది.